ఇరవై మూడు కుండీలు

ఊరి చివర సమాధుల తోట. తొమ్మిది రోజుల కిందట వేసిన మట్టి ఇంకా కుదురుకోలేదు, దాని పక్కన నిలబడ్డ ఆవిడా కుదురుకోలేదు. గునపానికైనా విశ్రాంతి ఇస్తాడేమో గానీ నోటికివ్వని తోటమాలి మాత్రం నిక్షేపంగా ఉన్నాడు.

"అది కాదు అమ్మగారూ, దుంప అనగానే కూరకి అనుకోకండి. ఇది ఎర్ర లిల్లీ దుంప. ఇదిగో చూడండి, అచ్చం ఉల్లిపాయలా లేదూ? ఉల్లి కోసేవాళ్లని ఏడిపిస్తుంది, ఇది ఏడ్చేవాళ్లని ఓదారుస్తుంది. ఇవాళ పాతితే నెల తిరక్కుండా పువ్వు. నా దుంప తెగ, ఎన్నిసార్లు చూసినా నాకే ఆశ్చర్యం!"

"చెట్టు కావాలని చెప్పాను కదా బాబూ."

"చెప్పారు. విన్నాను. విన్నాను గానీ వినిపించుకోలేదు."

"ఏం?"

"పొద్దున్నే మీ అమ్మాయి ఫోన్ చేసింది. 'అన్నా, అమ్మ వచ్చి చెట్టూ చేమా అంటుంది, నువ్వు పట్టించుకోకు. మా నాన్నకి లిల్లీలంటే ప్రాణం, పూలున్న కుండీ నేనే తెస్తున్నా' అంది. ప్రాణం పోయినాయనకి ప్రాణమైన పువ్వు. న్యాయంగానే ఉంది కదా?"

"ఎన్నింటికి వస్తానంది?"

"పదకొండింటికి. ఇప్పుడు పది."

"అయితే గంట ఉంది. చెట్టు గొయ్యికి గంట చాలదా?"

"చాలుతుంది, మాట్లాడకుండా తవ్వితే. కానీ అది నావల్ల అయ్యే పని కాదు."

"మాట్లాడుతూనే తవ్వు. రేపు పొద్దున మేస్త్రీ వచ్చి రాయి వేసేస్తాడు. రాయి వేశాక మొక్క పెట్టనివ్వరని నువ్వే అన్నావు."

"అన్నాను. చోటుకి ఒక్క మొక్క, అదీ రాయి వేసేలోపే. పెట్టింది పెట్టినట్టే, మార్చేది లేదు. ఇంట్లోవాళ్లలో ఏ ఒక్కరు అడ్డుచెప్పినా ఆఫీసువాళ్లు ఆపేస్తారు. అందుకే చెబుతున్నా, తొందరపడకండి. ఇక్కడున్నవాళ్లెవరికీ తొందర లేదమ్మగారూ, ఒక్క మీకు తప్ప."

"నాకుంది."

"సరే, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. తోడూ నీడా అంటారే, అందులో తోడు కావాలంటే దుంప, నీడ కావాలంటే చెట్టు."

"దుంప తోడెలా అవుతుంది?"

"అదే చెబుతున్నా! పూస్తుందా? వాడుతుందా? ఆకులు పండి, ఎండి, నేలకి అంటుకుపోతాయి. అక్కడ ఒకటుందన్న ఆనవాలే ఉండదు. సరే పోయిందిలే అని మీరు మర్చిపోతారు. ఒక్క వాన పడనివ్వండి. తెల్లారి చూస్తే మళ్లీ ఎర్రగా లేచి నిలబడి ఉంటుంది. ఎన్నిసార్లు పోయినా వస్తుంది. తోడంటే అదీ!"

"వద్దు."

"చెప్పడం బాగాలేదా?"

"బాగా చెప్పావు. అందుకే వద్దంటున్నా. పోయిందనుకున్నది మళ్లీ ఎర్రగా లేచి రాకూడదు. తోడు వద్దు బాబూ. నీడ చాలు."

"నీడంటే కానుగ. అదిగో, ఆ సంచిలో ఉన్నది. నా మోకాలికి కూడా రాదు. అది మీ నెత్తిన నీడ పట్టేసరికి ఎనిమిదేళ్లు. మీకిప్పుడెన్నేళ్లు?"

"అరవై రెండు."

"అంటే డెబ్భై. అప్పటిదాకా ఎండలో నిలబడతారా?"

"నలభై ఏళ్లు నిలబడ్డాను. ఎనిమిది ఒక లెక్కా?"

"హవ్వ! కండక్టర్ గారి పక్కన నిలబడి ఎండంటారేంటమ్మగారూ? ఆయన బస్సెక్కని మనిషి ఈ ఊళ్లో ఉన్నాడా? టికెట్ చింపేలోపే నవ్వి చచ్చేవాళ్లం. 'జరగండి జరగండి, వెనక బోలెడు చోటుంది, ముందుకెళ్లి ఎవరూ బాగుపడలేదు' అనేవారు. ఒకసారి నా గునపం చూసి, 'దానికి టికెట్ తీసుకున్నావా? అది నీకంటే పొడుగుంది, అది కూర్చుంటే నువ్వు నిలబడు' అన్నారు. బస్సంతా ఒకటే నవ్వు. మొన్న ఆయన్ని తెచ్చిన రోజు చూడలేదూ? ఆరు బస్సులు ఆగిపోయాయి రోడ్డు మీద."

"చూశాను."

"అలాంటి మనిషికి మూతి ముడుచుకున్న చెట్టా? పువ్వుండాలి!"

"తవ్వుతున్నావా, ఆగావా?"

"తవ్వుతున్నా, తవ్వుతున్నా. కానీ చెట్టుతో ఒక చిక్కుంది. చెప్పకపోతే నా తప్పవుతుంది. ఇది జంట చోటు. కుడివైపు ఆయన. ఎడమవైపు... నూరేళ్ల తర్వాత అనుకోండి..."

"నేను. చెప్పు."

"చెట్టుకి వేర్లుంటాయి కదా. వేర్లు నరక్కూడదు, అది ఇక్కడి పద్ధతి. ఒకప్పుడు నరికేవాళ్లం. పదేళ్ల కిందట ఒకాయన కోసం తవ్వుతూ వేర్లు కొట్టేశాం. ఆరు నెలలకి గాలివాన వచ్చి ఆ చెట్టు కాస్తా, దండ వేయడానికొచ్చిన ఆయన తమ్ముడి మీద పడింది. చూడ్డానికొచ్చినవాడు చూడాల్సినవాడైపోయాడు. అప్పట్నుంచి చెట్టుకి రెండు బారల లోపు గునపం దించనివ్వరు. అంటే..."

"అంటే ఎడమవైపు తవ్వరు."

"తవ్వరు. ఆఫీసులో ఆ చోటు కొట్టేస్తారు. మీకింకెక్కడో ఇస్తారు. దుంపైతే ఏ గొడవా లేదు, పక్కకి జరిపి ఎన్నిసార్లైనా తవ్వుకోవచ్చు. చెట్టంటే వేరు. అది పెడితే ఇక మీది వేరు కాపురమే!"

"ఎక్కడిస్తారు?"

"నేను నవ్వుతాలకి అన్నానమ్మగారూ."

"నేను నవ్వుతాలకి అడగలేదు. ఎక్కడిస్తారు?"

"అదిగో, ఆ తూర్పు గోడ పక్కన. ఒంటి చోట్లన్నీ అక్కడే."

"పక్కన ఎవరున్నారు?"

"ఒకవైపు ఖాళీ. ఇంకోవైపు టైలరమ్మ. పెళ్లి చేసుకోలేదు. బతికున్నప్పుడు నోట్లో ఎప్పుడూ గుండుసూదులే, మాట బయటికొచ్చేది కాదు."

"మంచిది. గొడవుండదు."

"అమ్మగారూ... ఈ పద్ధతి మీకు ముందే తెలుసా?"

"ఆయన్ని దించుతున్నప్పుడు అందరూ ఏడుస్తున్నారు. గేటు పక్క గోడకి మీ నియమాల బోర్డు ఉంది కదా, నేను దాని ముందు నిలబడి చదివాను. ఏడో నియమం. కన్నీళ్లు తుడుచుకుంటున్నానని నా భుజం పట్టుకున్నారెవరో. నేను కళ్లజోడు తుడుచుకుంటున్నాను. ఏం, గునపం ఆపావు? మాట పడిపోయిందా?"

"లేదు. మాట ఉంది. ఏం మాట అనాలో వెతుక్కుంటున్నా."

"వెతుక్కుంటూ తవ్వు. ఆ కాగితం ఇటివ్వు, సంతకం పెడతాను. ఏడో నియమం ఒప్పుకుంటున్నానని ఎక్కడ రాయాలి?"

"కింద. ఆ గీత మీద. కానీ మీ అమ్మాయి వచ్చి కాదందనుకోండి, నేనేం..."

"అదిగో, గేటు చప్పుడైంది. ముందే వచ్చేసింది. నువ్వేమీ చెప్పకు."

"నేనా? నోరు విప్పితే ఒట్టు."

"అమ్మా! నన్ను వదిలేసి ముందే వచ్చేశావా? ఆటో చెబుతానన్నాగా. అన్నా, ఆ గొయ్యేంటి? దుంప పాతమంటే బావి తవ్వుతున్నావా?"

"అది... మట్టి గట్టిగా ఉంది చెల్లెమ్మా. గట్టి మట్టి కదా, గట్టిగా తవ్వితే గానీ... అది సరేగానీ, నిప్పులు కురుస్తుంటే మణికట్టు దాకా ఆ పొడుగు చేతుల జాకెట్టేంటమ్మా? ఉడికిపోవూ?"

"ఎండకి చర్మం కమిలిపోతోందన్నా. ఇదిగో, ముందు ఈ కుండీ అందుకో. జాగ్రత్త! ఐదు పూలు, ఒక్కటి కూడా రాలలేదు. ఎలా ఉన్నాయి? మా ఆయన తెచ్చారు నిన్న. చూడగానే నాన్నే గుర్తొచ్చారనుకో."

"బాగున్నాయి చెల్లెమ్మా."

"అమ్మా, నువ్వేం మాట్లాడవేం? బాగున్నాయా?"

"చూశాను."

"చూశానంటే? అన్నా, ఆ సంచిలో మొక్కేంటి?"

"ఏ సంచి?"

"నీ కాలి దగ్గరున్నది."

"ఇదా? ఇది... సంచిలో మొక్క."

"అమ్మా, మళ్లీ చెట్టేనా? నిన్న రాత్రి అంతసేపు చెప్పాను కదా! నాన్న మీద చెట్టు పెడితే ఏమొస్తుంది, కాకులు తప్ప? పువ్వు పెడితే వచ్చిన ప్రతివాళ్లూ నాన్ననే తలుచుకుంటారు. నేను ఒప్పుకోను. అన్నా, నేను కాదంటున్నాను, రాసుకో. కూతురు కాదంది."

"రాసుకోమంటారా అమ్మగారూ?"

"ఆగు. అమ్మాయ్, నువ్వు కాదంటే ఆగిపోతుంది. కాదనకు. ఇదొక్కటి అడుగుతున్నాను నిన్ను."

"చెట్టెందుకో చెప్పు, ఆలోచిస్తా."

"నీడకి."

"ఎవరి నీడకి? నాన్నకి నీడెందుకు? నీకు కావాలా? నీకు గొడుగు కొనిస్తాను. ఇంతదానికి..."

"గొడుగుతో పనవదు చెల్లెమ్మా, ఆ పక్క చోటు కొట్టెయ్యాలంటే చెట్టే... అయ్యో."

"ఏ పక్క చోటు? కొట్టేయడమేంటన్నా?"

"నోరు విప్పనని ఒట్టేశాను. ఒట్టు గట్టున పెట్టేసినట్టున్నాను."

"అన్నా!"

"చెట్టు పెడితే ఎడమవైపు తవ్వరు. అమ్మగారికి గోడ పక్కనిస్తారు. అంతే. నేను నీళ్లు తెచ్చుకొస్తా."

"అమ్మా... నువ్వు నాన్న పక్కన ఉండవా?"

"ఉండను."

"ఏం మాటలవి? ఆయన ఎంత ముచ్చటపడి తీసుకున్నారు ఈ చోటు! 'ఇది ఆడవాళ్ల సీటు, మీ అమ్మకి రిజర్వు చేశాను, ఇంకెవరు కూర్చున్నా లేపేస్తా' అని అందరికీ చెప్పి నవ్వించేవారు. మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. ఆ కాగితం ఏ రోజు తెచ్చారో నీకు గుర్తుందా?"

"ఎందుకు లేదు? కాగితం, దాంతోపాటు లిల్లీ కుండీ. అప్పుడు నీ ఎడమచెయ్యి పిండికట్టులో ఉంది. నువ్వు దిగులుగా ఉన్నావని తెచ్చారు. మెట్ల మీంచి జారిపడ్డావు కదా."

"మనింట్లో మెట్లెక్కడున్నాయే?"

"ఏంటి?"

"మనది రెండు గదుల ఇల్లు. మేడ లేదు. గడప తప్ప మెట్టన్నది లేదు. ఏ మెట్లు?"

"నువ్వే కదమ్మా చెప్పావు... మెట్లని..."

"చెప్పాను. ఏ మెట్లని నువ్వు అడగలేదు. డాక్టర్ అడగలేదు. పక్కింటావిడ రోజూ మనింటికొచ్చేది, ఆవిడా అడగలేదు. నాన్నైతే నా కట్టు మీద పెన్నుతో 'ఫుట్‌బోర్డు ప్రయాణం ప్రమాదకరం' అని రాశారు. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు."

"నాకు పదకొండేళ్లమ్మా."

"నిన్ననడం లేదు."

"నేను వెళ్లి నీళ్లు..."

"ఉండు బాబూ. నువ్వూ ఆయన బస్సెక్కినవాడివే. విను. అమ్మాయ్, మన పెరట్లో ఎన్ని లిల్లీ కుండీలున్నాయి?"

"ఇరవై మూడు. రోజూ నేనే కదా నీళ్లు పోసేదాన్ని, లెక్కపెట్టుకుంటూ."

"అవి ఎప్పుడెప్పుడొచ్చాయి?"

"నాన్నకి బుద్ధి పుట్టినప్పుడల్లా. పొద్దున నేను లేచేసరికి అరుగు మీద కొత్త కుండీ ఉండేది. ఆ రోజు నాన్న డ్యూటీకి వెళ్లేవారు కాదు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని 'రైట్ రైట్' అంటూ ఇల్లంతా తిప్పేవారు. నీతో కూడా ఎంత మెత్తగా మాట్లాడేవారు! కుండీ వచ్చిన రోజు మనింట్లో ఎంత బాగుండేది!"

"ముందు రాత్రి?"

"ముందు రాత్రేంటి?"

"కుండీ పొద్దున వచ్చేది. ముందు రాత్రి ఏమైందో నేను చెబుతాను. మొదటి కుండీ, నువ్వు నా కడుపులో ఉన్నావు. కూర చల్లారిపోయిందని. ఆరోది ఈ పన్ను. తొమ్మిదోది, పదోది ఒకే వారంలో వచ్చాయి. పదకొండోది టికెట్ సంచి తోలుపట్టీ. ఆ వేసవంతా నేను పొడుగు చేతులే వేసుకున్నాను. ఎవరైనా అడిగితే ఎండకి అనేదాన్ని."

"ఆపమ్మా."

"నువ్వు వాటికి నీళ్లు పోస్తుంటే లోపల్నుంచి చూసేదాన్ని. ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టేదానివి. పెద్దగా."

"ఎందుకు చెప్పలేదు నాకు? ఎందుకు వెళ్లిపోలేదు?"

"వెళ్లాలంటే బస్సెక్కాలిగా. ఎక్కాను ఒకసారి, నిన్ను చంకనేసుకుని. ఆ బస్సు కండక్టర్ నాన్న స్నేహితుడే, నన్ను గుర్తుపట్టాడు. 'వదినా, అలిగారా?' అని నవ్వి, టికెట్ కూడా కొట్టకుండా, ఆ బస్సులోనే తిప్పి తెచ్చి మన వీధి మొదట్లో దింపాడు. నాన్న నిలబడి ఉన్నారు. ఇద్దరూ చేతులు కలుపుకుని నవ్వుకున్నారు. అది నాలుగో కుండీ."

"అమ్మగారూ, ఆ మాట నేను ఆయన నోటే విన్నాను. 'మా ఆవిడ పుట్టింటికని బయల్దేరి చుట్టూ తిరిగి మా ఇంటికే వచ్చింది, భూమి గుండ్రంగా ఉందనడానికి అదే సాక్ష్యం' అనేవారు. నేను... నేను పగలబడి నవ్వాను."

"అందరూ నవ్వారు బాబూ. బాగా చెప్పేవారు. అమ్మాయ్, బతికున్నన్నాళ్లూ పక్కనే ఉన్నాను. ఆ తర్వాత ఎన్నేళ్లుంటుందో నాకు తెలీదు. అదైనా వేరుగా ఉండనివ్వు. ఇప్పుడు చెప్పు. కాదంటావా?"

"చెల్లెమ్మా, ఏం రాసుకోమంటావు?"

"ఏమీ రాయకు. చెట్టు పెట్టెయ్."

"ఒప్పుకున్నట్టేనా?"

"పెట్టెయ్ అన్నా. ఎక్కువ మాట్లాడకు."

"మాట్లాడను. ఇదిగో, సంచి చింపేశాను. వేరు మట్టి రాలకుండా దించుతున్నా. అమ్మగారూ, కాస్త ఆ కొమ్మ నిటారుగా పట్టుకోండి. ఎడమవైపుకి జరపనా?"

"జరుపు. ఇంకా. సరిగ్గా నా చోటులో."

"అయిపోయింది. మట్టి తొక్కేశాను. నీళ్లు నేను చూసుకుంటా, రోజూ, ఎనిమిదేళ్లైనా సరే. ఆయన బస్సులో నవ్విన నవ్వులకి ఆమాత్రం చేయాలి. మరి చెల్లెమ్మా, ఈ కుండీ? చోటుకి ఒక్క మొక్కే కదా. ఇంటికి పట్టుకెళ్తావా?"

"వద్దు."

"పూలున్న కుండీ. మీ ఆయన ఇష్టపడి తెచ్చింది..."

"వద్దన్నానా! ఎక్కడైనా పారెయ్. ఇంటికి మాత్రం వద్దు."

"అరవకు. ఇలా రా, నా పక్కకి. అల్లుడు తెచ్చాడన్నావు కదూ?"

"ఆఁ."

"నిన్న ఎప్పుడు?"

"పొద్దున. నేను లేచేసరికి... గుమ్మం దగ్గరుంది."

"ఎందుకు తెచ్చాడు?"

"ఊరికే. ఊరికే తెచ్చారమ్మా. దారిలో కనిపించిందట."

"నిన్న ఆఫీసుకి వెళ్లాడా?"

"లేదు. సెలవు పెట్టారు. నాతో ఉండాలని."

"ఆ చేతులు పైకి మడువు."

"ఎండకమ్మా. ఎండకే వేసుకున్నాను. నిజం."

"నేనూ అలాగే అనేదాన్ని. నిజం అని కూడా అనేదాన్ని. తల్లీ, నా వైపు చూడు. పెళ్లై రెండేళ్లైంది. ఇది ఎన్నో కుండీ?"

"అమ్మా, ఇంటికెళ్దాం."

"ఎన్నోదే?"

"నాలుగోది."